వెనక అంచు

కత్తెరమ్మకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది కానీ, ఆ వీధిలో ఇప్పుడు ఆ పేరుతో పిలిచే నోరు లేదు. ముప్పై ఏళ్ళుగా అదే చిన్న కొట్టు, అదే కాలి మిషను, కిటికీ పక్కన అదే ఎత్తుపీట. కోట్లు కుడుతుంది. ఒక భుజం కిందికి జారినవాళ్ళు, పొట్ట ముందుకొచ్చినవాళ్ళు, నడుం ఒక పక్కకు ఒరిగినవాళ్ళు, ఇలాంటివాళ్ళందరూ ఎంత దూరం నుంచైనా ఆవిడ దగ్గరికే వస్తారు. జారిన భుజం మీద ఒక పొర దూది ఎక్కువ పరుస్తుంది. ఒరిగిన వైపు కుట్టు వేలెడు లోపలికి లాగుతుంది. ఇక చూసుకోండి, అద్దం ముందు నిలబడ్డ మనిషి తనను తానే గుర్తుపట్టడు. ఒకాయన అద్దంలోకి చూసి, "ఎవరండీ ఈయన, నాకంటే ముందొచ్చారా?" అని అడిగాడని ఆవిడ భర్త ఇప్పటికీ చెప్పి నవ్విస్తుంటాడు.

భర్తది కొట్టు వెనక గదిలో ఇస్త్రీ పని. మాటలు తక్కువ. అన్న మాట మాత్రం ఇస్త్రీపెట్టె అంటుకున్నట్టే ఉంటుంది.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. పదహారేళ్ళకే గుమ్మం పైకమ్మి తలకు తగిలేంత పొడుగయ్యాడు. మనిషి నిలబడితే గీత గీసినట్టుండేవాడు. అందుకే స్నేహితులందరూ గడకర్ర అని పిలిచేవారు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం వచ్చినప్పుడు కూడా, పై అరకు నిచ్చెన అక్కర్లేని మనిషి దొరికాడని లైబ్రేరియన్ గారు సంబరపడ్డారు.

ఇరవై మూడో ఏట మొదలైంది అది. పొద్దున్నే లేవాలంటే మంచం పట్టె పట్టుకుని, ముందు మోకాళ్ళు దించి, తర్వాత నడుం లేపి, గోడ ఆసరా చేసుకుని నిలబడేవాడు. మొదట్లో ఇంట్లో నవ్వుకున్నారు కూడా.

"నాకంటే ముందు నువ్వు ముసలాడివయ్యావేంట్రా?" అన్నాడు తండ్రి.

"నీ వంతు నాకిచ్చేశావు నాన్నా, నువ్వు హాయిగా ఉండు" అనేవాడు కొడుకు. నవ్వేవాడు కానీ, ఆ నవ్వు సగంలో పళ్ళు బిగించుకునేవాడు.

కత్తెరమ్మ తనకు తెలిసిందల్లా చేసింది. నూనె కాచి రాసింది. మెత్తటి పరుపు వేయించింది. సెలవు రోజు వస్తే, "పడుకో నాన్నా, లేవకు. అన్నీ మంచం దగ్గరికే తెస్తాను" అని కదలనిచ్చేది కాదు. ఆ జబ్బుకు పడుకోవడమే మేత అని ఎవరు చెప్పారు పాపం! పడుకున్నకొద్దీ బిగుసుకునేవాడు, బిగుసుకున్నకొద్దీ ఆవిడ పడుకోబెట్టేది. మూడేళ్ళు అలాగే గడిచాయి.

చివరికి సంగతి బయటపెట్టింది నడుం కాదు, కన్ను. ఒక రోజు కుడికన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక కంటి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన కన్ను చూసి నడుం సంగతి అడిగాడు. "పొద్దున్నే లేవగానే పట్టేసినట్టు ఉంటుందా? నడిస్తే వదులవుతుందా?" కొడుకు ఆశ్చర్యపోయి అవునన్నాడు. కంటి డాక్టరు కీళ్ళ డాక్టరుకు చీటీ రాసిచ్చాడు.

కీళ్ళ డాక్టరు వెన్నుకు ఎక్స్‌రే ఫోటోలు తీయించి, రక్తం తీయించి, తల్లినీ కొడుకునూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాడు. జబ్బు పేరు మూరెడు పొడుగుంది, కత్తెరమ్మకు నోరు తిరగలేదు. వెన్నులో వాపు వచ్చి, ఆ వాపు మానే చోటల్లా ఎముకకూ ఎముకకూ మధ్య కొత్త ఎముక పెరుగుతుందట. అలా ఒకదానికొకటి అతుక్కుపోతే వెన్నంతా ఒకటే కర్ర అయిపోతుందట.

"అంటే మధ్యలో కుట్టు పడిపోతుందన్నమాట" అంది కత్తెరమ్మ.

"అలాగే అనుకోండమ్మా. కాకపోతే పడ్డ కుట్టు విప్పలేం."

విప్పలేని కుట్టు ఆవిడ జీవితంలో చూడలేదు. మిషను కుట్టయినా, చేతి కుట్టయినా, ఓపిక ఉంటే చాలు. ఆ మాట మీద అప్పుడు ఆవిడకు నమ్మకం కలగలేదు. డాక్టరు కుర్రవాడు, ఎక్కువ చెబుతున్నాడనుకుంది.

సూది మందు మొదలుపెట్టారు. మూడు నెలలకే ఊపిరితిత్తుల్లో జబ్బు దిగి, అది ఆపేయాల్సి వచ్చింది. మిగిలినవి రెండే: నొప్పికి మాత్రలు, ఒంటికి కదలిక. "వెన్ను బిగుసుకుంటే బిగుసుకుంటుంది. కానీ వంగి బిగుసుకోకూడదు, నిటారుగా ఉండగా బిగుసుకోవాలి. మన పోరాటమంతా అదే" అన్నాడు డాక్టరు. ఆ ముక్క మాత్రం కత్తెరమ్మ గుండెలో గుచ్చుకుంది. వాడు నిటారుగా మిగలాలి. ఇంక ఆవిడకు వేరే కోరిక లేదు.

వ్యాయామాల కాగితం ఒకటిచ్చారు. కొడుకు దాన్ని గోడకు అంటించి, పన్నెండు రోజులు చేసి మానేశాడు.

"ఆ కాగితం మీద వాలిన ఈగలు నీకంటే ఎక్కువ వ్యాయామం చేస్తున్నాయిరా" అన్నాడు తండ్రి.

"ఒక్కడినే గోడకేసి చూస్తూ చెయ్యాలంటే పిచ్చెక్కుతోంది నాన్నా."

ఈ సంగతి డాక్టరుకు చెబితే ఆయన కోప్పడలేదు. నలుగురితో కలిసి చేసేదయితే చేస్తావా అని అడిగి, సైకిలు షాపు మేడ మీద కరాటే నేర్పే మాస్టరమ్మ దగ్గరికి పంపాడు. ఇలాంటి జబ్బు ఉన్నవాళ్ళలో ఆవిడ ఇదివరకే ఇద్దరికి నేర్పిందట. కాగితం మీద స్పష్టంగా రాసిచ్చాడు: పడేయకూడదు, పడకూడదు, మెడ మీదా తల మీదా దెబ్బ తగలకూడదు. నిలబడటం, తిరగటం, గుద్దటం, కాలు లేపటం, ఊపిరి తీయటం, ఇవి ఎంతైనా చేయొచ్చు.

కత్తెరమ్మ ముక్కున వేలేసుకుంది. "నడుం నొప్పివాడికి తన్నులాటా?"

"తన్నులు మీవాడు పెట్టడానికే, తినడానికి కాదమ్మా" అన్నాడు డాక్టరు.

మొదటి రోజు క్లాసు నుంచి వచ్చి కొడుకు కొట్టు మధ్యలో నిలబడి, మాస్టరమ్మను అనుకరించి చూపించాడు. యాభై దాటిన పొట్టి మనిషట, గొంతు మాత్రం గంటలా ఉంటుందట. ముప్పై మందినీ వరసలుగా నిలబెట్టి, తను వెనక నిలబడుతుందట. "మీ ముఖాలు నాకెందుకర్రా? ఒక్కొక్కణ్ణీ తడిమి చూసే తీరిక నాకు లేదు. వెనక చొక్కా అంచు చూస్తా. ఎవడు ఎటు వంగాడో అంచే చెప్తుంది" అంటుందట.

కత్తెరమ్మకు ఆ మాట ఎంత నచ్చిందో! "అబ్బో, నా విద్యే! ఆవిడ కరాటే ఎందుకు నేర్చుకుందో, కుట్టుపని నేర్చుకోవాల్సింది" అని రోజంతా చెప్పుకుని నవ్వింది.

నెల తిరిగేసరికి కొడుకు మనిషి మారాడు. పొద్దున గంట పట్టే బిగుతు పావుగంటలో వదిలేది. చీకటి ఉండగానే నొప్పికి మేలుకునే మనిషి తెల్లవారేదాకా నిద్రపోయేవాడు. బుగ్గల్లోకి రంగు వచ్చింది. కిందికి వంగి బూట్లు తానే కట్టుకున్న రోజు తండ్రి వెనక గదిలోంచి వచ్చి మరీ చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద పండుగ లేదు.

ఇంతలో ఒక సాయంత్రం వాడు నవ్వుతూనే ఒక మాట అన్నాడు. "మా క్లాసులో కాలేజీ పిల్లలు నాకు కొత్త పేరు పెట్టారమ్మా. కొక్కెం అట. చొక్కా తగిలించుకోవడానికి పనికొస్తానట."

తండ్రి నవ్వాడు. కొడుకూ నవ్వాడు. కత్తెరమ్మ నవ్వలేదు. గడకర్ర కొక్కెం అయ్యాడు. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"ఏదీ, ఆ డ్రెస్సు వేసుకుని నిలబడు."

వాడు క్లాసులో ఇచ్చిన తెల్ల డ్రెస్సు వేసుకుని నిలబడ్డాడు. మూడు నిమిషాలు చూసింది. మెడ కింద వీపు కొంచెం గుండ్రంగా తిరిగింది. అందుకని వెనక గుడ్డ చాలక అంచు పైకి లేచింది. ముందు గుడ్డ మిగిలిపోయి మోకాళ్ళ వైపు వేలాడుతోంది. మెడ వెనక కాలరు ఒంటిని వదిలి, గుక్కెడు నీళ్ళు పోస్తే నిలిచేంత సందు ఇచ్చింది. నడుం దగ్గర ఉండాల్సిన ఒంపు చదునైపోయింది. ముప్పై ఏళ్ళలో ఇలాంటి వీపులు ఎన్ని చూసిందో, ఎన్నిటిని సరిచేసి పంపిందో!

ఆదివారం మధ్యాహ్నం కూర్చుంది. చొక్కా కుట్లన్నీ విప్పింది. వెనక రెండు వేళ్ళ గుడ్డ కలిపింది, ముందు అంత మేరా తగ్గించింది. మెడ కింద గుండ్రానికీ నడుముకీ మధ్య పల్లంలో పలచగా దూది పరిచి, పైన మెత్తని కాన్వాసు వేసి, అడ్డంగా నిలువుగా సన్న కుట్టు వేసింది. కాలరు లోపల ఒక పట్టీ పెట్టి మెడకు అంటుకునేలా చేసింది. బరువు తెలియదు, బయటికి కనపడదు. కొడుకు వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. వీపు నీళ్ళు జారినట్టు తిన్నగా కిందికి దిగింది.

"అమ్మా!" అన్నాడు వాడు. చాలాసేపు పక్కకు తిరిగి చూసుకున్నాడు.

తండ్రి ఆ చొక్కా ఇస్త్రీ చేస్తూ, అరచేత్తో వీపు భాగం నొక్కి చూసి, "ఒసేయ్, ఈ చొక్కా లోపల ఇంకో కొడుకున్నాడే" అన్నాడు.

"మీరు నోరు మూసుకుని ఇస్త్రీ చెయ్యండి" అంది కత్తెరమ్మ.

కొక్కెం అన్న పేరు వారంలో పోయింది. మాస్టరమ్మ క్లాసులో అందరి ముందూ, "చూడండర్రా, నెల రోజుల్లో వీపు ఎలా నిలబెట్టాడో! మీకు రోగం లేకపోయినా గోడకు ఆనుకుని నిలబడతారు" అని మెచ్చుకుందట. కొడుకు ఆ మాట చెప్పినప్పుడు కత్తెరమ్మ కళ్ళు చెమర్చాయి. చొక్కా సంగతి ఆవిడకు గుర్తు లేదని కాదు. కానీ వాడు నిజంగానే కాస్త నిలబడి ఉంటాడనుకుంది. నొప్పి తగ్గింది కదా, నిద్ర పడుతోంది కదా, మరి వీపు మాత్రం ఎందుకు బాగుపడదు?

రెండు నెలలు పోయాక అంచు మళ్ళీ లేచింది. వేలెడు.

"నూలు గుడ్డ కదా, ఉతికి ఉతికి కుంచించుకుపోయింది" అంది కత్తెరమ్మ. విప్పింది, వేలెడు గుడ్డ కలిపింది, కుట్టేసింది. ఆ తర్వాత మూడు నెలలకు మరోసారి. అప్పుడూ అదే మాట. గుడ్డ కుంచించుకుపోతే ముందూ వెనకా ఒకేలా కుంచించుకుపోవాలి. వెనక మాత్రమే పొట్టిగా అయిపోయే గుడ్డ ఈ లోకంలో ఎక్కడా నేయరు. ఈ సంగతి కత్తెరమ్మకు తెలియదని ఎవరూ అనలేరు. అయినా ఆ రెండుసార్లూ ఆవిడ గుడ్డనే తిట్టుకుంది.

ఆరు నెలలకోసారి డాక్టరుకు చూపించాలి. ఆ రోజు వచ్చేసరికి కొడుకు, "బాగానే ఉన్నానుగా అమ్మా, లైబ్రరీలో కొత్త పుస్తకాలొచ్చాయి, వచ్చే నెల వెళ్దాం" అన్నాడు. కత్తెరమ్మ వాడి వీపు వంక చూసింది. తను కుట్టిన చొక్కాలోనే ఉన్నాడు. "సరేలే" అంది. వచ్చే నెల కూడా వచ్చింది, పోయింది.

ఎనిమిదో నెలలో నాలుగు రోజులు విడవకుండా వాన కురిసింది. ఉతికిన డ్రెస్సు ఆరలేదు. తండ్రి ఇస్త్రీతో ఆరబెడతానంటే, లోపలి దూది తడిసి ఉంది, ముద్దకడుతుందని కత్తెరమ్మ వద్దంది. కొడుకు బనియను మీదే క్లాసుకు వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే, కొట్టు తలుపు సగం తెరిచి ఉండగానే, ఒక పొట్టి మనిషి గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చింది. గొంతు వినగానే కత్తెరమ్మకు ఎవరో తెలిసిపోయింది.

"కత్తెరమ్మంటే మీరేనా?"

"నేనేనండీ. మాస్టరమ్మ గారు కదూ? కూర్చోండి, కూర్చోండి. టీ తెస్తా."

"టీ వద్దు. మీ అబ్బాయి చొక్కా ఒకసారి చూపించండి."

దండెం మీద ఇంకా చెమ్మగానే ఉన్న చొక్కా తెచ్చి ఇచ్చింది కత్తెరమ్మ. మాస్టరమ్మ దాన్ని బల్ల మీద పరిచి, వీపు వైపు అరచేయి ఆనించి, ఆగి, లోపలి వైపుకు తిరగేసింది. దూది మీది సన్న కుట్లు కనిపించాయి. కింద అంచు దగ్గర పాత కుట్లు విప్పిన చోట సూది రంధ్రాలు ఒకదాని కింద ఒకటి మూడు వరసలుగా ఉన్నాయి.

"ఇదేంటి?" వేలు పెట్టి చూపించింది మాస్టరమ్మ.

"అది మొదటిసారి దించానండి. పిల్లలు నవ్వుతున్నారంటేనూ..."

"ఇది?"

"అది రెండోసారి. గుడ్డ కుంచించుకుపోయి..."

"ఇది?"

మూడో వరస మీద మాస్టరమ్మ వేలు అలాగే ఉంది.

"నేను వెనక నిలబడి అంచు చూసి పాఠం చెప్తానమ్మా" అంది మాస్టరమ్మ. ఆ గంట గొంతు ఎక్కడికి పోయిందో, గుసగుసలా వచ్చింది మాట. "అంచు సమంగా ఉంది. కాలరు మెడకు అంటుకుని ఉంది. సరే, వీపు బాగుంది, ఇంక కాళ్ళ మీద పని చేద్దామనుకున్నా. ఎనిమిది నెలలు కిందికి కూర్చుని ముందుకు గుద్దడమే చేయించా. ఛాతీ తెరిచేవి, మెడ వెనక్కి తీసేవి వీడికి అక్కర్లేదనుకున్నా. నిన్న బనియనులో చూశాను. ఎవరో కొత్తవాడు వచ్చాడేమోననుకున్నా."

వెనక గదిలో ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగిపోయింది.

"నాకు చెప్పాడండీ వాడు" అంది కత్తెరమ్మ. "మీరు అంచు చూస్తారని మొదటి రోజే చెప్పాడు. నేను నవ్వుకున్నాను కూడా."

"మరి ఎందుకమ్మా ఇలా చేశావ్?" మర్యాద మరిచి ఏకవచనంలోకి దిగింది మాస్టరమ్మ. అందులో కోపం కంటే అడగడమే ఎక్కువ ఉంది.

వంకరగా ఉన్న మనిషి ఎదురుగా నిలబడితే కత్తెరమ్మ చేతులు అలాగే చేస్తాయి. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నది అదే. వీపును బాగుచేసేవాళ్ళ కళ్ళకు ఆ వంకర కనపడాలని ఆ చేతులకు తట్టలేదు.

మాస్టరమ్మ చొక్కా మీంచి చెయ్యి తీసి, "నేనైనా ఒక్కసారి చెయ్యి వేసి చూసి ఉండాల్సింది. ముప్పై మంది అని బద్ధకించాను" అని బయల్దేరింది. గొడుగు మరిచిపోయి వెళ్ళింది. మళ్ళీ వచ్చి తీసుకెళ్ళింది.

ఆ సాయంత్రం కొడుకు కోప్పడతాడని కత్తెరమ్మ ఎదురుచూసింది. కోప్పడితే బాగుండుననుకుంది. వాడు చొక్కా చేతిలోకి తీసుకుని, తిరగేసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"నాకూ తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"పై అర మీద పుస్తకాల పేర్లు ఇప్పుడు నాకు కనపడవు. మెడ అంత పైకి లేవదు. ఏ పుస్తకం ఎక్కడుందో కంఠస్థం చేసేశాను. ఎవరైనా అడిగితే చూడకుండానే చెయ్యి పెట్టి తీసిస్తా. లైబ్రేరియన్ గారు నా జ్ఞాపకశక్తిని మెచ్చుకుంటున్నారు."

"మరి చెప్పలేదేంరా?"

"ఎవరికి చెప్పను? ఇంటికొచ్చి నీ చొక్కా వేసుకుని అద్దంలో చూసుకుంటే తిన్నగానే ఉండేవాణ్ణి. అద్దాన్ని నమ్మాలా, మెడను నమ్మాలా? అద్దమే హాయిగా ఉండేది." చొక్కా కాలరు సరిచేస్తూ, "నీ పనితనం అలాంటిది మరి" అని నవ్వబోయాడు. ఈసారి సగం దాకా కూడా రాలేదా నవ్వు.

తండ్రి వచ్చి కొడుకు పక్కన కూర్చున్నాడు. ఏదో ఒక మాట వేస్తాడేమో, కాస్త ఊపిరి ఆడుతుందేమోనని తల్లీ కొడుకూ ఇద్దరూ ఆయన వైపు చూశారు. ఆయన కొడుకు మోకాలి మీద చెయ్యి వేసి ఊరుకున్నాడు.

డాక్టరు దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. మళ్ళీ ఫోటోలు తీశారు. గోడకు మడమలు ఆనించి నిలబెట్టి, తల వెనక సందు కొలిచారు. తల ఎంత ప్రయత్నించినా గోడకు ఆనలేదు. డాక్టరు పాత ఫోటోనూ కొత్త ఫోటోనూ లైటు వెలిగే పెట్టె మీద పక్కపక్కన పెట్టాడు. పాతదానిలో ఎముకల మధ్య నల్లటి సందులున్నాయి. కొత్తదానిలో మెడ కింద రెండు మూడు చోట్ల ఆ సందులను తెల్లగా ఏదో దాటి వెళ్ళింది. కత్తెరమ్మకు చదువు లేకపోయినా ఆ తెల్లటి గీత ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"చొక్కా ఎప్పుడెప్పుడు విప్పి కుట్టారో గుర్తుందా అమ్మా?" అడిగాడు డాక్టరు.

ఆవిడకు గుర్తులేనిది ఏముంది! మొదటిసారి ఏ ఆదివారమో, ఆ వేళ కిటికీలోంచి ఎండ ఎక్కడ పడుతోందో, రెండోసారి పక్కన ఎవరి కోటు సగం కుట్టి ఉందో, మూడోసారి ఏ రంగు దారం అయిపోయి ఏది వాడిందో, అన్నీ చెప్పింది. ఎన్ని వేళ్ళ గుడ్డ కలిపిందో వేళ్ళు పెట్టి చూపించింది. డాక్టరు తలెత్తకుండా అన్నీ రాసుకున్నాడు. కొడుకు వీపు ఎప్పుడు ఎంత వంగిందో ఆస్పత్రి కాగితాల్లో లేదు, ఆవిడ నోట్లోంచే వచ్చింది.

"వేరే రకం సూది మందు ఒకటుంది. ఊపిరితిత్తులు పూర్తిగా మానాయని తేలితే మొదలుపెట్టొచ్చు. పరీక్షలకు నెల పడుతుంది. వ్యాయామం ఆపకూడదు. మాస్టరమ్మతో నేను మాట్లాడతాను, ఏవి మార్చాలో రాసిస్తాను" అన్నాడు. తండ్రీ కొడుకూ మందుల చీటీ తీసుకుని బయటికి వెళ్ళారు. కత్తెరమ్మ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"బాబూ, ఒక్క మాట."

"చెప్పండమ్మా."

"మొదట్లోనే కనపడి ఉంటే ఇది ఆగేదా?"

డాక్టరు పెన్ను మూత పెట్టాడు. "వ్యాయామం అప్పుడే మార్చేవాళ్ళం."

"మారిస్తే ఆగేదా?"

"కొంతమందికి ఆగుతుంది. కొంతమందికి ఎంత చేసినా ఆగదు. మీ అబ్బాయికి ఏమయ్యేదో నాకు తెలీదమ్మా."

"అంటే నా వల్ల కాదంటారా?"

"అలా అనలేను."

"పోనీ, నా వల్లేనా? అలాగే అనండి. నేనేం అనుకోను."

"అలా కూడా అనలేనమ్మా. నిజంగా తెలీదు. ఎవరూ చెప్పలేరు."

తిట్టించుకుందామని వచ్చింది ఆవిడ. గట్టిగా తిడితే, ఆ తిట్టు పట్టుకుని ఇంటికెళ్ళి ఏడ్చి, రేపటి నుంచి ఏదో ఒకటి చేయొచ్చనుకుంది. అదీ దొరకలేదు. బయట తర్వాతి మనిషి పేరు పిలిచారు. కత్తెరమ్మ కుర్చీని బల్ల దగ్గరికి సర్ది, ఇంకేం చెయ్యాలో తెలియక దాన్ని ఇంకోసారి సర్ది, బయటికి నడిచింది.

కొడుకు మందుల దగ్గర వరసలో నిలబడి ఉన్నాడు. వెనక నుంచి చూస్తే, ముందున్న మనిషి చెవిలో ఏదో రహస్యం చెప్పడానికి వంగినట్టుంది. రహస్యమేమీ లేదు. అది వాడి నిలువు.

ఆ తర్వాత సోమవారం పొద్దున, ఎనిమిది నెలల్లో మొదటిసారి, కత్తెరమ్మ సైకిలు షాపు మేడ మెట్లెక్కింది. మాస్టరమ్మే రమ్మంది. "ఊరికే కూర్చోండి. మీ కళ్ళకు తెలిసినంత నా కళ్ళకు తెలీదు. వాడి వీపు ఎక్కడ కదులుతోందో, ఎక్కడ కదలట్లేదో చూసి చెప్పండి" అంది. ఆ మాట పట్టుకుని రెండు రోజులు ఆశగా బతికింది కత్తెరమ్మ. చేతికి ఏదో పని దొరికిందనుకుంది.

పొడుగాటి గది. నేల మీద నీలం చాపలు. ఒక గోడ పొడుగునా బల్ల, దాని మీద పిల్లలను తీసుకొచ్చిన తల్లులు ముగ్గురు. కొడుకును మాస్టరమ్మ వెనక వరసలోంచి తెచ్చి ముందు వరసలో నిలబెట్టింది. పలచటి బనియను మీదే ఉన్నాడు. వీపు గది మొత్తానికీ కనపడుతోంది. ఒకప్పుడు కొక్కెం అన్న కాలేజీ పిల్లలు ఇద్దరు వాడి వెనకే ఉన్నారు. ఇప్పుడు వాళ్ళు నవ్వలేదు. ఎటు చూడాలో తెలియక నేల చూపులు చూస్తున్నారు.

"అందరూ ముప్పై దాకా లెక్కపెట్టండి. ప్రతి అంకెకూ ఊపిరి తీసుకుని ఛాతీ తెరవాలి, మెడ వెనక్కి వెళ్ళాలి" అని, మాస్టరమ్మ కొడుకు వెనకకు వచ్చి, వాడి రెండు భుజాల మధ్య అరచేయి ఆనించింది. "నా చెయ్యి మీదికి రా. నేను తొయ్యను. నువ్వే రావాలి."

ఒకటి.

కత్తెరమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. నడుం కదిలింది. పక్కటెముకలు ఒక వెంట్రుకవాసి తెరుచుకున్నాయి. మాస్టరమ్మ చెయ్యి ఉన్న చోట ఏమీ కదల్లేదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి, చెయ్యి ఉన్న చోట మాత్రం గోడలాగే ఉంది.

ఐదు. ఆరు. ఏడు.

"ఎక్కడ కదులుతోందమ్మా?" అని మాస్టరమ్మ ఆవిడ వైపు తిరిగి అడిగింది.

"నడుం దగ్గర" అంది కత్తెరమ్మ.

"పైన?"

అబద్ధం చెప్పడానికి ఇంక నోరు రాలేదు. "పైన లేదండీ."

కొడుక్కి వినపడింది. తల తిప్పలేడు కాబట్టి తిప్పలేదు. ఎనిమిదికి ఊపిరి తీసుకున్నాడు.

పద్నాలుగు. పదిహేను. ఈ వీపుకైతే వెనక గుడ్డ ఎంత కలపాలో, ముందు ఎంత తగ్గించాలో ఆవిడ చేతులు వాటంతట అవే ఒడిలో కొలుచుకుంటున్నాయి. ఆవిడ చూసుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ వీపుకూ ఆవిడకూ మధ్య ఇప్పుడు గుడ్డ లేదు. గుడ్డ లేకపోతే ఆవిడకు చెయ్యడానికేమీ లేదు.

ఇరవై. ఇరవై ఒకటి.

"ఇంకొంచెం" అంటోంది మాస్టరమ్మ. "ఇంకొంచెం. అయ్యో, రాకపోతే రాకపోనీ. నీది కానిది నువ్వేం తెస్తావ్? కింద ఉన్నది పోకుండా పట్టుకో. ఊపిరి, ఊపిరి."

ప్రతి అంకెకూ కత్తెరమ్మ కూడా ఊపిరి తీసుకుంటోంది. తనకు తెలియకుండానే భుజాలు వెనక్కి లాగుతోంది, మెడ ఎత్తుతోంది, ఛాతీ తెరుస్తోంది. ముప్పై ఏళ్ళు మిషను మీదికి వంగిన ఆ వీపు పూస పూసా విప్పుకుంటూ నిటారుగా లేచి నిలిచింది. అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ మనిషి, నొప్పి కూడా లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ వాడు ఎదురుగా చెమటలు కక్కుతూ అదే పని చేస్తున్నాడు, వాడి వీపు రావడం లేదు.

ముప్పై అయ్యాక, "మళ్ళీ మొదటి నుంచి" అంది మాస్టరమ్మ.

పక్కన కూర్చున్న తల్లి ఒకావిడ కత్తెరమ్మ మోచేతిని మెల్లిగా తట్టింది. "ఎందుకండీ అంత బిగుసుకుని కూర్చున్నారు? ఇంకా చాలాసేపు పడుతుంది. వెనక్కి ఆనుకోండి."

కత్తెరమ్మ సరేనన్నట్టు తలూపింది. ఆనుకోలేదు.